చంద్ర-1 రకం, తేమ సున్నా

చంద్రుడి మీద ధాన్యం పండుతుందని మా ఆఫీసులో ఎవరూ నోటితో అనలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత పేపర్లవాళ్ళు మమ్మల్ని వెర్రివాళ్ళకింద జమకట్టి ఏవేవో రాశారు. మేమంతా చదువుకున్నవాళ్ళమే. ధాన్యం పండుతుందని ఫైల్లో ఉంది, అంతే. ఫైల్లో ఉన్నదాన్ని నమ్మాలని రూలు లేదు, పాటించాలని మాత్రమే ఉంది. ఈ రెంటికీ తేడా తెలీనివాళ్ళు ప్రభుత్వ ఉద్యోగానికి రాకూడదు.

నేను వెలగల సత్తిరెడ్డిని. చంద్ర మృత్తికా ప్రయోగశాలలో సూపరింటెండెంటుని. మృత్తిక అంటే మట్టే. మట్టి ప్రయోగశాల అని బోర్డు పెడితే ఎవరూ లెక్కచెయ్యరని మృత్తిక అన్నారు. చంద్రుడి మీదికి పంపే బండి అక్కడి మట్టిలో నడుస్తుందో, కూరుకుపోతుందో ముందే ఇక్కడ చూసుకోవాలి కదా, ఆ పని మాది. అసలు మట్టే తెచ్చుకుందామంటే అదేమీ గోదావరి అవతలి గట్టున లేదు. అందుకని అక్కడి రాయిని పోలిన రాయి ఒకటి కొండలోంచి తెప్పించి, పగలగొట్టి, దంచి, ఉత్తుత్తి చంద్రుడి మట్టి తయారుచేస్తాం. హాల్లో పెద్ద తొట్టి నిండా పోసి దాని మీద ఆ బండి చక్రం నడుపుతాం. ఆ మట్టికి చంద్ర-1 అని పేరు పెట్టుకున్నాం. అది వరి వంగడం పేరులా ఉందని పెట్టేటప్పుడు ఎవరికీ తట్టలేదు, అదీ మా ఖర్మ.

చక్రం డాక్టర్ ఇందుకూరి వకుళగారిది. భీమవరం దగ్గర మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. పెళ్ళిచూపుల్లో కూడా ఆ చక్రం గురించే మాట్లాడిందని, అబ్బాయి భయపడి వెళ్ళిపోయాడని ఆఫీసులో చెప్పుకునేవారు. నిజమో కాదో నేనడగలేదు. నేనడిగినది ఒక్కటే, "మట్టి మట్టే కదండీ, దానికి ఇంత పరిశోధనేవిటి?" అని.

"సత్తిరెడ్డిగారూ, సంగతంతా సైజులోనే ఉందండి" అంది ఆవిడ. "చంద్రుడి మీద గాలి లేదు, నీళ్ళు లేవు. గింజని అరగదీసే నాథుడు లేడు. అందుకని ప్రతి గింజా గాజుపెంకులా గరుకు అంచులతో ఉంటుంది. పెసరబద్దంత ఉంటాయి, రవ్వంత ఉంటాయి, గోధుమపిండి కంటే మెత్తటి ధూళీ ఉంటుంది. పెద్దవాటి సందుల్లో చిన్నవి, చిన్నవాటి సందుల్లో ధూళి ఇరుక్కుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ పట్టు మీద చక్రం నడుస్తుంది. అందులో ఏ సైజు తీసేసినా పట్టు పోతుంది."

నాకు అర్థమైంది. నాకే అర్థమైందంటే ఎవరికైనా అర్థమవుతుందనుకున్నాను. నా తెలివితేటల మీద నాకంత నమ్మకం.

త్వరలో ఢిల్లీ నుంచి నిపుణుల సంఘం వచ్చి చక్రాన్ని చూడబోతోంది. తొట్టిలో మట్టి గుట్ట ఎక్కి దిగితే వకుళగారి చక్రమే చంద్రుడి మీదికి వెళ్తుంది. కూరుకుపోతే వేరే ఊరివాళ్ళ చక్రం వెళ్తుంది, మా హాలుకి తాళం పడుతుంది. ఆవిడ వయసంతా ఆ చక్రంలోకే వెళ్ళిపోయింది పాపం. ఇంక మళ్ళీ మొదలెట్టే ఓపిక ఎవరికుంటుంది?

సరిగ్గా అప్పుడొచ్చింది కొత్త ఉత్తర్వు. ప్రతి నివేదికా తెలుగులో ఉండాలి. మంచిదే, నేను చప్పట్లు కొట్టాను కూడా. దాని కింద సన్నక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. మూలానికీ అనువాదానికీ తేడా వచ్చినచో అనువాదమే చెల్లుబాటగును.

అనువాదానికి మా భాషాధికారి పేరి లక్ష్మీకాంత శర్మగారు కూర్చున్నారు. ఆయన చాలా మంచివాడు. నిఘంటువు పక్కన లేకపోతే అన్నం సయించదు.

"గ్రెయిన్ సైజు అన్నారు. గ్రెయిన్ అంటే ధాన్యం. షియర్ అంటే కోత. స్ట్రెంగ్త్ అంటే బలం. 'చంద్ర-1 ధాన్యపు కొలత, కోత బలంపై దాని ప్రభావం.' ఆహా, ఎంత హాయిగా ఉందండీ చెవికి!" అన్నారు.

వకుళగారు గాభరాగా లేచి నిలబడింది. "శర్మగారూ, అది ధాన్యం కాదండి! రేణువు అనండి."

"రేణువంటే పుప్పొడి కూడానమ్మా. ఉద్యానశాఖ పరిధిలోకి పోతాం."

"పోనీ కణం అనండి."

"రక్తకణమా, జీవకణమా అంటుంది వైద్యశాఖ."

"మేమంతా వాడుకలో గింజ అంటాం. గింజ అని రాసెయ్యండి."

"గింజంటే విత్తనం. విత్తనాల లైసెన్సుందా మీకు?"

"రవ్వ?" అన్నాను నేను ఉండబట్టలేక.

"ఉప్మారవ్వో వజ్రపురవ్వో తేలాలి సత్తిరెడ్డిగారూ. తేలేదాకా ఫైలు కదలదు." శర్మగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ధాన్యమే క్షేమం. ధాన్యం జోలికి ఎవడూ రాడు."

అక్కడే ఆయన పప్పులో కాలేశారు.

నివేదిక వెళ్ళింది. గింజలు ఒకదాన్నొకటి పట్టుకోవడాన్ని శర్మగారు ఐకమత్యం అన్నారు కాబట్టి అందులో 'ధాన్యమందు ఐకమత్యము తగ్గినచో కోత బలహీనపడును' అనే వాక్యం కూడా ఉంది. చదివిన పెద్దలు ఎంతో మెచ్చుకున్నారు. అంతలో ధాన్య సేకరణ మండలి నుంచి మాకు తాఖీదు వచ్చింది. 'మీ సంస్థ చంద్ర-1 రకపు ధాన్యమును మండలికి తెలియపరచకుండా భారీగా నిల్వ చేసినట్లు మీ నివేదిక ద్వారానే వెల్లడైనది. తనిఖీకి సిద్ధముగా ఉండవలెను.'

తాఖీదు వెనకాలే మండలి ఉపమేనేజరు బొంతల తవిటినాయుడుగారు జీపులో దిగారు. విజయనగరం వైపు మనిషి, నిక్కచ్చి మనిషి. చేతిలో తేమ కొలిచే మీటరు. తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, గుప్పెడు మట్టి తీసి మీటరులో పోశారు. మీటరు సున్నా చూపించింది. తట్టి మళ్ళీ చూశారు. సున్నాయే.

"సున్నా!" ఆయన మీటరు అందరికీ చూపించారు. "తేమ పదిహేడు శాతం దాటిందని రోజూ రైతుల్తో తగువు పడి చస్తన్నాం. ఇంత ఎండబెట్టిన ధాన్యం నా సర్వీసులో సూడలేదండి. ఎవరమ్మా ఎండబెట్టింది?"

"పొయ్యిలో పెట్టామండి. చంద్రుడి మీద నీళ్ళుండవు కదా" అంది వకుళగారు. "నాయుడుగారూ, ఒక్క మాట వినండి. ఇది ధాన్యం కాదు, మట్టి."

"మట్టి శాతం ఎంత?"

"వందకి వంద. మొత్తం మట్టే!"

తవిటినాయుడుగారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తుంటే నాకు ఆశ పుట్టింది.

"ధాన్యంలో మట్టి కలిస్తే తప్పు. మట్టిలో మట్టి కలిస్తే తప్పేటండీ? వేరే పదార్థమేటీ లేదు కదా. శుద్ధమైన సరుకు" అని కాగితం మీద 'ఇతర పదార్థములు: లేవు' అని రాసుకున్నారు. "రకం చెప్పండి. సన్నమా, దొడ్డా?"

"రెండూనండి. సన్నం కంటే సన్నం కూడా ఉంటుంది."

"అంటే కల్తీ."

"కల్తీ కాదండీ, అలాగే ఉండాలి!" వకుళగారు పరుగున వెళ్ళి రెండు పళ్ళేలు తెచ్చింది. ఒకదాంట్లో తొట్టిలోని మట్టి పోసింది. అది గోపురంలా నిటారుగా నిలబడింది. రెండోదాంట్లో జల్లించి ఒకే సైజు గింజలు పోసింది. అవి పళ్ళెమంతా పరుచుకున్నాయి. "చూశారా? అన్ని సైజులూ కలిసుంటేనే నిలబడింది. ఒకే సైజైతే జారిపోయింది. చక్రం దీని మీద నడవాలి, దాని మీద కాదు."

"నిలబడితే మాకేటి ఉపయోగమమ్మా?" తవిటినాయుడుగారు నిజంగానే జాలిగా అడిగారు. "ధాన్యమన్నది జారాలి. సంచిలోకి జారాలి, లారీలోంచి జారాలి, డిపోలో డబ్బాలోంచి జారాలి. జారని సరుకు ప్రజలకి చేరదు."

ఆయన రాసిన తనిఖీ ఫలితం ఇది: 'తేమ ప్రశంసనీయం. సన్నము, దొడ్డు కలగలుపు. నూక హెచ్చు. తవుడు మిక్కిలి హెచ్చు. గింజ అంచులు గరుకు. పాలిష్ పట్టించి ఏకరూపముగా చేసి నిల్వ ఉంచవలెను.'

వకుళగారు డైరెక్టరుగారి గదికి పరుగెత్తింది. వెనకాల నేనూ వెళ్ళాను. డైరెక్టరుగారు ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించారు.

"వకుళగారూ, మీ ఆవేదన నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు శాస్త్రవేత్తనే. కానీ సంస్థకీ సంస్థకీ మధ్య సమన్వయం అనేది చాలా సున్నితమైన అంశం. మట్టి పోతే మళ్ళీ తవ్వుకుంటాం. సమన్వయం పోతే ఎక్కడ తవ్వుతాం?"

"సార్, మట్టి పాడైతే చక్రం పోతుందండి."

"చక్రాన్ని కూడా సమన్వయం చేసుకోండి" అన్నారు డైరెక్టరుగారు.

హమాలీలొచ్చి మట్టంతా గోనెసంచుల్లోకి ఎత్తారు. లారీలు చిట్టూరి వీర్రాజుగారి మిల్లుకి వెళ్ళాయి. సంతకాలు పెట్టాలి కాబట్టి నేనూ వెళ్ళాను. వీర్రాజు సంచి విప్పి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇదేం విడ్డూరమండీ సత్తిరెడ్డిగారూ! నా జీవితమంతా ధాన్యంలో రాళ్ళేరుకుంటా బతికాను. ఇప్పుడు రాళ్ళకి పాలిష్ పట్టమంటారా? నా మిషను గుల్లయిపోదూ?"

"మండలి ఆర్డరయ్యా."

"మండలి ఆర్డరా? ముందే చెప్పాలి కదండీ" అని వెంటనే మోటారు ఆన్ చేశాడు. పళ్ళు జిల్లుమనిపించే చప్పుడొకటి ఊరంతా వినిపించింది. అంచులన్నీ అరిగి, గుండ్రంగా, నున్నగా, నిగనిగలాడుతూ బయటికొచ్చింది చంద్రుడి మట్టి. జల్లెడలు పట్టగా నూక ఒక పక్కకి, తవుడు ఒక పక్కకి పోయాయి. ఆ తవుడు ఎప్పట్లాగే చేపల చెరువులకి వెళ్ళిపోయింది. తిన్న చేపలు కాటా మీద మంచి తూకం వచ్చాయట, అందుకని చెరువులవాళ్ళు ఫిర్యాదేమీ చెయ్యలేదు.

సంచులు తిరిగొచ్చాయి. ప్రతి సంచి మీదా 'ఏ గ్రేడు' అని ఆకుపచ్చ ముద్ర. వకుళగారు ఒక సంచిలో చెయ్యి పెట్టి గుప్పిట మూసింది. గుప్పిట్లో ఏమీ నిలవలేదు, వేళ్ళ సందుల్లోంచి సరసరా జారిపోయింది.

"ఇది ఆవాలండీ" అంది. "చంద్రుడి మట్టి కాదు, ఆవాలు." ఇంకేదో చెప్పబోయి ఏడ్చేసింది. తొట్టి గట్టు మీద కూర్చుని, అంత చదువుకున్న మనిషి, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. నాకు తవిటినాయుడూ, శర్మా, డైరెక్టరూ అందరి మీదా ఒళ్ళు మండిపోయింది. వాళ్ళనేమీ అనలేక ఇంటికెళ్ళి మా ఆవిడ మీద అరిచాను, ఆవిడ రెండింతలు అరిచింది.

వకుళగారు ఊరుకునే రకం కాదు. కొత్తగా రాయి తెప్పించి, సుత్తులూ రోకళ్ళూ పట్టుకుని టెక్నీషియన్లతో కలిసి దంచడం మొదలెట్టింది. మండలివాళ్ళు వచ్చి అక్రమ మిల్లింగు కింద రోకళ్ళు పట్టుకుపోయారు. రోకళ్ళకి రసీదు మాత్రం పద్ధతిగా ఇచ్చారు.

నిపుణుల సంఘం వచ్చేసింది. అధ్యక్షులవారు నెరిసిన గడ్డం, తెల్లని ఖద్దరు, తెలుగు చక్కగా మాట్లాడే పెద్దమనిషి. ఆయన తనతోపాటు ఒక అపురూపమైన వస్తువు తెచ్చారు. గాజుగొట్టంలో సీలు వేసిన చిటికెడు నిజమైన చంద్రుడి మట్టి. మా ఉత్తుత్తి మట్టితో పోల్చి చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళనో బతిమాలి, తిరిగిచ్చేస్తానని హామీలు రాసిచ్చి తెచ్చారట. ఆ గొట్టాన్ని ఆయన పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకున్నారు.

హాలు నిండింది. తొట్టిలో ఏ గ్రేడు మట్టి మిలమిలా మెరుస్తోంది. వకుళగారు కళ్ళు మూసుకుని మీట నొక్కింది. చక్రం గుట్ట దగ్గరికెళ్ళింది. ఎక్కబోయింది. కింద గింజలు దొర్లిపోయాయి. చక్రం తిరిగినకొద్దీ గొయ్యి తవ్వుకుని ఇరుసు దాకా దిగిపోయింది.

"చక్రం కూరుకుపోయినట్టు నమోదు చెయ్యవచ్చునా?" అన్నారు అధ్యక్షులవారు.

"వీల్లేదండి!" వకుళగారు చక్రం పక్కకొచ్చి నిలబడింది. "కూరుకుపోయింది చక్రం తప్పు కాదు. గింజల అంచులు అరగదీశారు, సన్నవి ఏరి పారేశారు. పట్టుకోడానికి ఏమీ మిగల్లేదు. చంద్రుడి మీద మట్టి ఇలా ఉండదు."

తవిటినాయుడుగారు లేచారు. "అధ్యచ్చా, ఏ గ్రేడు సరుకు మీద నడవని చక్రం బి గ్రేడు మీద నడుస్తాదంటే ఎలా నమ్మడం? సరుక్కి మా ముద్ర ఉంది. చక్రానికి ఎవరి ముద్రుంది?"

అధ్యక్షులవారు ఆ వాదనలో బలం ఉందన్నట్టు గడ్డం నిమురుకున్నారు. వకుళగారు అధ్యక్షుల చేతిలో గొట్టం చూపించింది.

"నాయుడుగారూ, అది అసలు చంద్రుడి మట్టి. మీ పద్ధతిలోనే తనిఖీ చేసి గ్రేడు చెప్పండి. మీ 'ఏ గ్రేడు' ముద్రకి అది పనికొస్తే నా చక్రం చెడ్డదని నేనే సంతకం పెడతాను."

తవిటినాయుడుగారు తనిఖీకి ఎప్పుడైనా కాదంటారా? గొట్టం తీసుకుని, భూతద్దం పెట్టి, పది నిమిషాలు చూశారు. ఆయన మొహం ముడుచుకుపోయింది.

"ఇదేటండీ ఇంత దరిద్రంగా ఉంది! సన్నం, దొడ్డు, నూక, తవుడు, అన్నీ కలిపేశారు. ఒక్క గింజకీ పాలిష్ లేదు. కొలిమి బూడిదలాగుంది. కొనుగోలుకు అనర్హం. తిరస్కరిస్తన్నాను."

అమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు అందరికీ బుర్ర వెలుగుతుంది, పగలబడి నవ్వుతారు, వకుళగారు గట్టెక్కుతుంది. చుట్టూ చూశాను. ఎవరూ నవ్వలేదు. శర్మగారు 'చంద్రుడు తిరస్కరించబడెను' అని శ్రద్ధగా రాసుకుంటున్నారు. డైరెక్టరుగారు తల పంకిస్తున్నారు. అధ్యక్షులవారు గొట్టం కోసం చెయ్యి చాచారు.

తవిటినాయుడుగారు గొట్టాన్ని జేబులో పెట్టుకున్నారు. "క్షమించాలి. తిరస్కరించిన సరుకు తీసుకెళ్ళేది రైతు. రైతు పేరు లేకపోతే అది అనామక ధాన్యం. అనామక ధాన్యాన్ని మండలి స్వాధీనం చేసుకుని మిల్లుకి పంపుతాది."

"మిల్లుకా?" అధ్యక్షులవారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "బాబూ, అది ఈ దేశంలో ఇంకెక్కడా లేదు! నేను హామీ రాసిచ్చాను!"

"అందుకే జాగర్తగా పాలిష్ పట్టిస్తామండి."

ఎవరి మాటా వినే ఘట్టం దాటిపోయింది. తవిటినాయుడుగారు గుమ్మం దాకా వెళ్ళిపోయారు. అప్పుడు వకుళగారు అడ్డంపడింది.

"ఆగండి! రైతుని నేను."

ఆయన ఆగారు. మొహంలో కోపం లేదు, పద్ధతి ప్రకారం జరుగుతోందన్న తృప్తి ఉంది. జేబులోంచి ఫారం తీశారు. "పేరు?"

"ఇందుకూరి వకుళ."

"పంట పండిన నేల?"

"చంద్రుడు."

"సర్వే నంబరు?"

"లేదండి."

"సర్వే నంబరు లేకపోతే విస్తీర్ణం దగ్గర 'మొత్తం' అని రాయాలమ్మా, తర్వాత తగువులు రాకుండా."

"రాసుకోండి, మొత్తం నాదే!" అని ఆవిడ సంతకం గీకేసి గొట్టం లాక్కుని అధ్యక్షుల చేతిలో పెట్టింది. ఆ పెద్దాయన కళ్ళు చెమర్చాయి. నాకూ చెమర్చాయి, ఎందుకు దాచాలి?

ఆవిడ అక్కడితో ఆగలేదు. "నాయుడుగారూ, రైతు తన ఇంటి తిండికని ఉంచుకున్న ధాన్యానికి మీ రూల్సు వర్తిస్తాయా?" అని అడిగింది.

"అబ్బే, తిండిగింజలకి ఏ రూలూ లేదు. రైతు తినేదాన్ని అడ్డుకునేటంత పాపాత్ములమా?" తవిటినాయుడుగారు నొచ్చుకున్నారు.

"పాలిష్ పట్టించక్కర్లేదా?"

"దంపుడుది తినండమ్మా, ఒంటికి మంచిది."

రోకళ్ళు తిరిగిచ్చేశారు. కొండరాయి లారీల్లో వకుళగారి తిండిగింజలుగా వచ్చింది. టెక్నీషియన్లు దంచారు, నేను దంచాను, శర్మగారు కూడా పంచె ఎగ్గట్టి దంచారు. అధ్యక్షులవారు ప్రయాణం వాయిదా వేసుకుని కుర్చీ వేయించుకు కూర్చున్నారు. పెద్దవీ చిన్నవీ ధూళీ అన్నీ కలిసి తొట్టి నిండింది. వకుళగారు మళ్ళీ మీట నొక్కింది. చక్రం గుట్టనెక్కింది. మధ్యలో ఒక్క లిప్త ఆగినట్టే ఆగి, గింజల్ని కరిచి పట్టుకుని, పైకెక్కి, అవతలికి దిగింది. నేను గట్టిగా ఈల వేశాను. ఆ వయసులో నాకు ఈల వస్తుందని నాకే తెలీదు.

అధ్యక్షులవారు అక్కడికక్కడే రాసిచ్చారు. చక్రం ఉత్తీర్ణం, చంద్రుడి మీదికి వెళ్ళవచ్చును. వకుళగారు ఆ కాగితం చదువుకుని నవ్విన నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను. పూతరేకులు పంచాం. తవిటినాయుడుగారు రెండు తిన్నారు.

చక్రం పెట్టెలోకి ఎక్కించే రోజు సాయంత్రం ఆస్తుల విచారణ విభాగం నుంచి పట్నాయకుని ధనుంజయరావుగారనే అధికారి వచ్చారు. వకుళగారూ నేనూ ఆఫీసు వరండాలో పెట్టె మీద మేకులు కొట్టిస్తున్నాం. ఆయన నమస్కారం పెట్టి, మర్యాదగా కూర్చుని, మండలి ఫారం నకలు తీశారు.

"మేడమ్, మీరు ప్రభుత్వోద్యోగి. ఏటేటా సమర్పించే ఆస్తుల ప్రకటనలో భీమవరంలో ఒక డాబా ఇల్లు మాత్రమే చూపారు. చంద్రుణ్ణి చూపలేదు."

వకుళగారు నవ్వేసింది. ఆయన నవ్వలేదు.

"సంతకం మీదే కదా? 'మొత్తం' అని ఉంది. మీ జీతంతో ఇంత నేల సంపాదించడం సాధ్యం కాదని ప్రాథమికంగా తేలింది. ఆదాయానికి మించిన ఆస్తి. జప్తు చెయ్యాలి. ఆస్తి ఎక్కడుంది?"

వకుళగారు నెమ్మదిగా చెయ్యెత్తి కొబ్బరిచెట్ల మీదుగా చూపించింది. సప్తమో అష్టమో, ఆకాశంలో సగం చంద్రుడు తేటగా ఉన్నాడు. ధనుంజయరావుగారు వరండా దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, తలెత్తి శ్రద్ధగా పరిశీలించారు.

"ఫారంలో మొత్తం అని ఉంది. ఇక్కడ సగమే కనిపిస్తోంది" అన్నారు. కలం తీసి రాసుకున్నారు. "మిగతా సగం బినామీ పేరున దాచినట్టు అనుమానం."

"అయ్యా, ఆ చక్రం సంగతి?" అన్నాను నేను పెట్టె చూపించి. "అది అక్కడికే వెళ్ళాలండి. అన్నీ తయారైపోయాయి."

"జప్తులో ఉన్న ఆస్తి మీద ఎవరూ అడుగు పెట్టకూడదు, ఏ బండీ దిగకూడదు. కేసు తేలాలి."

మేకులు కొట్టే చప్పుడు ఆగిపోయింది. వకుళగారు పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. ఆవిడ మొహం చూడలేక నేను అటు తిరిగాను.

"కేసు ఎప్పటికి తేలుతుందండీ?" అని అడిగింది.

"మిగతా సగం దొరికాక."

"పౌర్ణమికి అదే బయటికొస్తుందండి" అంది వకుళగారు విసిగిపోయి.

ధనుంజయరావుగారి కలం చకచకా కదిలింది. రాసినది మా ఇద్దరికీ వినిపించేలా చదివారు. 'దాచిన సగమును వచ్చే పౌర్ణమి నాటికి బయటపెట్టగలనని, సాక్షి సత్తిరెడ్డి సమక్షమున, ముద్దాయి స్వయముగా ఒప్పుకొనినది.'